రౌదా నోట వచ్చిన ‘లేదు’

సముద్రపొడ్డున ఉన్న మా స్ఫాక్స్ ఊళ్ళో అంగళ్ళవాళ్ళకి ఒక మాట నాలుక చివరే ఉంటుంది: మాఫమ్మాష్. అంటే లేదు అని. మనం అడగడం పూర్తి కాకముందే అనేస్తారు. మేకులున్నాయా అంటే మాఫమ్మాష్. మేకుల డబ్బా వాడి మోచేతి కిందే ఉంటుంది, కానీ లేచి చూడటానికి ఒళ్ళు బరువు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళం మేం ఆ మాటని పట్టించుకోం. రెండోసారి అడుగుతాం, అప్పుడు లేస్తాడు.

అలాంటి ఊళ్ళో రౌదా ఘోర్బెల్ ఒక్కతే ఆ మాట అనదు. పాత ఊళ్ళో సంగీత సంఘంవాళ్ళు పోగుచేసిన పాటలు, ఫోటోలు, కాగితాలు అన్నీ ఉన్న కంప్యూటర్లు ఆవిడ చేతిలోనే ఉంటాయి. ఎవరైనా వచ్చి ఫలానా పాట ఉందా అని అడిగితే వెతుకుతుంది. దొరక్కపోతే “నాకు కనపడలేదు” అంటుంది. “అంటే లేనట్టేగా?” అని విసుక్కుంటే “నేనలా అన్లేదే” అని మళ్ళీ తలవంచుకుని పనిలో పడుతుంది. చాలామందికి ఇది చాదస్తం. ఆ చాదస్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక నాకు మాత్రం ఆవిడ ఎదురుపడితే లేచి నిలబడాలనిపిస్తుంది.

ఘోర్బెల్ అంటే జల్లెడ. ఆవిడ ముత్తాతలు జల్లెళ్ళు అల్లేవాళ్ళట. “జల్లెడవాళ్ళ పిల్ల, అందుకే జల్లెడ పట్టి వెతుకుతుంది” అని ఊరంతా ఒకటే మేలమాడేది. నిజంగానే చిన్నప్పట్నించీ వస్తువు పోతే ఊరుకునే మనిషి కాదు. పక్కింటి పిల్లి పోయినా తనే ముందు బయల్దేరేది.

ఆవిడ పెరిగిన ఇల్లు పాత ఊరి కోటగుమ్మం బాబ్ జెబ్లీ లోపల ఉండేది. వీధి వైపు పెద్ద తలుపు పెదనాన్నగారిది. రౌదా అమ్మానాన్నలు, పిల్లలు ఉండేది వెనక భాగంలో. అక్కడికి పోవాలంటే చుట్టు తిరిగి సందులోకి వచ్చి, వంగి దూరాల్సిన చిన్న తలుపు ఒకటుండేది. ఒక ఏడు జనాభా లెక్కల మనిషి వచ్చాడు. పెద్ద తలుపు దగ్గర అందరి పేర్లూ రాసుకుని సుద్దతో గుర్తు పెట్టాడు. సందులోకి వచ్చి చిన్న తలుపు చూశాడు. ఇదీ ఘోర్బెల్ వాళ్ళిల్లే, దీని లెక్క అయిపోయింది అనుకుని ముందుకెళ్ళిపోయాడు. రౌదా తల్లి జకియా ఊరుకుంటుందా? చేతిలో చెప్పుతో సందు చివరిదాకా వెంటపడింది.

“ఒరే నాయనా, ఆగు! ఆ తలుపులో ఉన్నది మా బావగారు. ఈ తలుపులో ఉన్నది మేం. మేం మనుషుల్లా ఆనట్లేదా నీ కంటికి?”

“ఒకే ఇంటిని రెండుసార్లు రాస్తే నా ఉద్యోగం ఊడుతుందమ్మా.”

“ఒక్కసారైనా రాయకపోతే నీ పళ్ళు ఊడతాయి. రా, లోపలికి రా!”

అతను వచ్చి కూర్చుని అందర్నీ రాసుకున్నాడు. జకియా అతనికి ఆలివ్ నూనె పోసి కలిపిన బ్సీసా పిండి పెట్టి మరీ పంపింది. రౌదాకి అప్పుడు చెప్పు కంటే పిండే ఎక్కువ గుర్తుండిపోయింది. చెప్పు సంగతి చాలా ఏళ్ళ తర్వాత అక్కరకొచ్చింది.

ఇంజనీరింగ్ చదివింది. కొన్నాళ్ళు రేవు దగ్గర ఒక ఆఫీసులో చేసింది. అక్కడి గొడవలు గిట్టక సంఘంలో చేరింది. పొద్దున్నే గ్రెమ్దా రోడ్డు మీంచి మోపెడ్ వేసుకుని, ముందు బుట్టలో మధ్యాహ్నం తిండితో, హారన్ కన్నా గట్టిగా అరుచుకుంటూ వచ్చేది. నోరు పెద్దది. చెయ్యి శుభ్రం. ఒక పాటని పాడవకుండా దాచడానికి ఎంత తిప్పలైనా పడేది.

ఆ తిప్పల్లోనే చిక్కు పుట్టింది. పాత డిస్కు నిండిపోతే పెద్దది తెచ్చి, సరుకంతా దాంట్లోకి మార్చింది. ఫోటోలూ కాగితాలూ నడిమి హాల్లాంటి పెద్ద చోట్లోనే వదిలేసి, అన్నిటికన్నా విలువైనవని టేపుల మీది పాటలకి మాత్రం అదే డిస్కులో విడిగా ఒక గది కట్టింది. వాళ్ళ భాషలో దాన్ని సబ్‌వాల్యూమ్ అంటారు. అలా కడితే ఆ గది ఉన్నదున్నట్టుగా రోజూ ఒక నకలు తీసి పెట్టుకోవచ్చు. ఎవరైనా చెయ్యిపెట్టి పాడుచేస్తే నిన్నటి నకలు తెచ్చి నిలబెట్టొచ్చు. ఆ గదిని పాటలు ఎప్పుడూ ఉండే చోటునే తగిలించింది. బయటినించి చూస్తే ఏ మార్పూ లేదు. అంతా ఒకే ఇల్లు.

వెతకడానికి ఒక ప్రోగ్రాం ఉండేది. అది రోజూ తెల్లవారుజామున డిస్కంతా ఒక చుట్టు తిరిగి, ఎక్కడ ఏ ఫైలు ఉందో సూచిక తయారుచేసుకునేది. పగలు ఎవరైనా అడిగితే మళ్ళీ తిరగదు, ఆ సూచికలో చూసి రెప్పపాటులో చెప్పేస్తుంది. రౌదాకి దానిమీద ఎంత నమ్మకమంటే, ఊరివాళ్ళకి రౌదామీద ఉన్నంత నమ్మకం.

ఇప్పుడు హల్లూమా సంగతి. పెళ్ళిళ్ళలో పాడే ముసలావిడ, బాబ్ జెబ్లీ వాళ్ళకి అందరికీ పెద్దమ్మ. మా ఊరి పెళ్ళిలో వధూవరులు పెద్ద చేపని నేలమీద పెట్టి దాని మీంచి దాటుతారు కదా, ఆ దాటేటప్పుడు పాడటానికి పాతకాలంలో విడిగా ఒక పాట ఉండేదని హల్లూమా అంటుంది. తన గురువమ్మ నేర్పిందట. వయసులో ఉండగా రేడియోవాళ్ళు మైకు పట్టుకొస్తే వాళ్ళ ముందు పాడానని కూడా అనేది. ఇంకో మేళం నడిపే తౌహీదా ఇది ఒప్పుకోదు. తౌహీదా మేళానికి కీబోర్డుంది, స్పీకర్లున్నాయి, మనిషి కూడా మంచి ఒడ్డూ పొడుగూ.

“చేపకి పాటేంటమ్మా? రేపు ఉల్లిపాయకీ ఉందంటావు,” అని ఒక పెళ్ళిలో అందరిముందూ అంది.

“ఉంది. నేను పాడాను. ఆ టేపులు సంఘానికి ఇచ్చేశారు. పద, అడుగుదాం. లేదన్నారంటే ఈ డప్పు గోడకి తగిలించేస్తాను, మళ్ళీ ముట్టుకోను!”

“మాట మీదుంటావా?”

“నీలా కరెంటు మీద బతికేదాన్ని కాదు, మాటమీదే బతికాను.”

ఇద్దరూ కలిసే వచ్చారు. వెనక పెళ్ళివారి ఆడవాళ్ళు కొందరు తమాషా చూడటానికి. రౌదా మర్యాదగా కూర్చోబెట్టింది. హల్లూమా అని కొట్టింది. ఖాళీ. చేప అని కొట్టింది. ఏవో చేపల బజారు ఫోటోలొచ్చాయి, పాటలేవీ రాలేదు. పెళ్ళి పాట, గురువమ్మ పేరు, వీధి పేరు, తనకి తోచినవన్నీ కొట్టింది. ఆ రోజు హడావిడిలో లేదు, అలసటలో లేదు, ఓపిగ్గానే వెతికింది. ఆ సంగతే తర్వాత ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

తల తిప్పి, “మాఫమ్మాష్, పెద్దమ్మా,” అంది.

తౌహీదా నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి పెళ్ళిలో వేసే కేక ఒకటి వేసింది. గదంతా మోగింది. ఆడవాళ్ళు నవ్వారు. హల్లూమా లేచింది. డప్పు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అంగడివాడు లేదంటే మేం నమ్మం. జల్లెడవాళ్ళ రౌదా లేదంటే ఎవరు నమ్మరు? సాయంత్రానికల్లా బాబ్ జెబ్లీ అంతా పాకింది. “రేడియో హల్లూమా” అని పేరు పడిపోయింది. పిల్లలు ఆవిడ గుమ్మం ముందు చేపలా గెంతేవాళ్ళు. పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. అబద్ధాలాడే నోటితో పెళ్ళిపాట ఎందుకని. డప్పు గోడకెక్కింది, ముఖం గోడవైపు.

ఆ శీతాకాలం పోయి, బాదం పూలు రాలాక ఒకరోజు, ఎవరో తెచ్చిచ్చిన టేపు ఒకటి రౌదా తన చేత్తోనే కంప్యూటర్లోకి ఎక్కించి పాటల గదిలో పెట్టింది. మర్నాడు దాన్ని తియ్యబోతూ బద్ధకించి వెతుకుడు ప్రోగ్రాంనే అడిగింది. ఖాళీ. పేరు తప్పు కొట్టానేమో అనుకుని మళ్ళీ కొట్టింది. ఖాళీ. గది తెరిచి చూస్తే పాట ఎదురుగానే ఉంది. వినపడుతోంది కూడా. దాని పక్కన ఉన్న ఇంకో పాట పేరు కొట్టింది. అదీ లేదంది. ఇంకోటి. లేదంది. గదికి గదే లేదంటోంది.

తిండి ముట్టకుండా ఆ ప్రోగ్రాం పుస్తకం ముందేసుకుని కూర్చుంది. దాంట్లో ఒక ఏర్పాటుంది. ఒకే చోటుని రెండు వైపులనించి తగిలిస్తే ఆ ఫైళ్ళు రెండుసార్లు లెక్కకొస్తాయని, అలా రెండోసారి తగిలించినట్టు కనిపించిన తలుపులోకి పోవద్దని దానికి ముందే చెప్పి ఉంచారు. సబ్‌వాల్యూమ్ గది ఉన్నది అదే డిస్కులో. హాలు తలుపు మీదా అదే పేరు, గది తలుపు మీదా అదే పేరు. చూసింది, ఈ డిస్కు లెక్క అయిపోయింది కదా అనుకుంది, దాటిపోయింది. రోజూ తెల్లవారుజామున, తప్పకుండా, ఒక్క ముక్క చెప్పకుండా దాటిపోయింది.

రౌదా కుర్చీలో వెనక్కి వాలి, “అమ్మా, నీ చెప్పు ఏదే?” అంది పైకే.

సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఏర్పాటు దగ్గర ‘అవును’ అని ఉన్నచోట ‘కాదు’ అని రాసి, సూచిక మళ్ళీ కట్టించింది. హల్లూమా అని కొట్టింది. ఈసారి తెర నిండిపోయింది. ఒకే హల్లూమా పైనుంచి కిందిదాకా వరసగా నిలబడింది. రోజూ తీసిన నకళ్ళ గదుల్లోకి కూడా ప్రోగ్రాం దూరి వచ్చింది మరి. ఆ నకళ్ళున్న చోటు పేరొక్కటి విడిగా రాసి, అక్కడికి మాత్రం పోకని చెప్పింది. అప్పుడు ఒక్కటే మిగిలింది: హల్లూమా, చేప దాటే పాట.

విన్నది. వయసులో ఉన్న గొంతు, కింద డప్పు, ఎక్కడో వెనక కోడి కూత. పాట అయ్యాక ఎవరో మగగొంతు పేరడిగితే, “హల్లూమా. మంగలి సందులో హల్లూమా. సరిగ్గా రాసుకో బాబూ, రేపెవరైనా నేను పాడలేదంటారు!” అని నవ్వింది. రౌదా చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేసి ముఖం కడుక్కోడానికి వెళ్ళింది. చాలాసేపటిదాకా రాలేదు.

సంఘం అధ్యక్షుడు లజ్హర్ గారు చెడ్డవాడేం కాదు. భయస్తుడు.

“సర్దేశావుగా? ఇంకేం. ఎవరికీ చెప్పక్కర్లేదులే,” అన్నాడు.

“మరి లేదని చెప్పినవాళ్ళకండీ?”

“వాళ్ళు ఈపాటికి మర్చిపోయుంటారు. రేపు ప్రతివాడూ వచ్చి, నాకూ లేదన్నారు, మళ్ళీ వెతకండంటే ఏం చేస్తావ్? సంఘం పరువేం కావాలి?”

“వెతుకుతాను. అదే కదండీ నా పని. పరువంటారా, మన పరువు ఆవిడ గోడకి తగిలించి ఉంది. ముందు అది దింపాలి.”

“ఫోన్ చేసి చెప్పరాదూ, పోనీ?”

“లేదన్నది తౌహీదా ముందు. ఉందనీ తౌహీదా ముందే అనాలి.”

మా రౌదాని నేను మెచ్చుకునేది ఇక్కడే. తప్పు తెలిశాక సర్దేవాళ్ళు చాలామందే ఉంటారు. తను అన్న మాట ఏ ఇంట్లో దూరి ఏం పాడుచేసిందో చూడటానికి బండేసుకుని బయల్దేరేవాళ్ళని నేను ఎక్కువమందిని చూళ్ళేదు.

తౌహీదా ఉండేది తెనియూర్ రోడ్డులో. వంటింట్లో మిరపకాయలు దంచుతోంది. రౌదా సంగతి చెబితే రోకలి ఆగింది.

“అయితే ఉందంటావు.”

“ఉంది.”

“పాడింది ఆవిడేనా?”

“వచ్చి విను. నీ చెవుల్తో.”

“నేనెందుకు రావాలి? అన్నది నువ్వు!”

“అన్నది నేనే. కేకేసింది నువ్వు. నా ముక్క నేను వెనక్కి తీసుకుంటాను. నీ కేక నేనెలా తీసుకోను తల్లీ, నాకంత గొంతు లేదు.”

తౌహీదా ఎర్రటి చేతులు కడుక్కుని, గొణుక్కుంటూ వెనక ఎక్కింది. పాపం ఆ మోపెడ్. బాబ్ జెబ్లీ దాకా మూలుగుతూనే వచ్చింది. ఎత్తు వచ్చినచోట తౌహీదా దిగి నడిచింది, నడుస్తున్నంతసేపూ మోపెడ్‌నీ రౌదానీ కలిపి తిట్టింది.

హల్లూమా గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఇద్దర్నీ కలిపి చూసి కూడా లేవలేదు.

“ఏంటి, ఈసారి గోడ కూడా లేదని చెప్పడానికొచ్చారా?”

రౌదా కూర్చోలేదు. నిలబడే చెప్పింది, సందులో నలుగురికీ వినపడేట్టు. “పెద్దమ్మా, నీ పాట ఉంది. అప్పుడూ ఉంది. నేను లేదన్నాను. తప్పు నీది కాదు, నాది.”

హల్లూమా చిక్కుడుకాయ ఒలవడం ఆపలేదు. “ఆ రోజు నీ పెట్టె నీతో ఏమంది?”

“ఏమీ అన్లేదు పెద్దమ్మా. ఖాళీగా చూపించింది.”

“అది ఏమీ అనకపోతే లేదని అన్నదెవరు?”

“నేనే.”

“చేపల బజారు మూసుందనుకో. ఇంటికొచ్చి సముద్రంలో చేపల్లేవని చెప్తావా?”

“చెప్పను.”

“ఏం చెప్తావ్?”

“నాకు కనపడలేదని చెప్తాను.”

“ఆఁ. ఆ ముక్క అనుంటే నేనింకో చోట అడిగేదాన్ని. నువ్వు లేదనేసరికి నాకే అనుమానమొచ్చిందే పిల్లా. వయసులో ఉండగా కల కన్నానేమో, నిజంగా పాడలేదేమో అని, ఆ చలికాలమంతా పడుకుని అదే ఆలోచన.” ఇంకో కాయ తీసుకుంది. “జనం నవ్వితే నవ్వారు. నన్ను నేనే నమ్మకుండా పోయాను.”

రౌదా సంచీలోంచి చిన్న స్పీకరు తీసి గుమ్మంమీద పెట్టి, పాట పెట్టింది.

కోడి కూత రాగానే హల్లూమా చేతిలో చిక్కుడుకాయ ఆగింది. పాట నడుస్తున్నంతసేపూ సందులో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చివర “సరిగ్గా రాసుకో బాబూ” అన్న మాట దగ్గర ఎవరూ నవ్వలేదు. హల్లూమా ఒక్కతే నవ్వింది, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

అందరూ తౌహీదా వైపు చూశారు. ఆవిడ గొంతు సవరించుకుంది.

“గొంతు బాగుంది. బాగాలేదంటే పాపం. రెండో చరణంలో శ్రుతి కొంచెం పోయింది.”

“పోలేదు! ఆ మైకువాడు దగ్గాడు.”

“దగ్గు వేరు, శ్రుతి వేరు.”

“నీకు తెలుసా తేడా? కీబోర్డు మీట నొక్కితే శ్రుతి వస్తుందనుకునే మనిషివి!”

“సరేలే. మా ఇంటిపక్క పిల్లకి వచ్చే శుక్రవారం పెళ్ళి. చేప దాటేటప్పుడు పాడాలి. మాకా పాట రాదు.” తౌహీదా గోడవైపు చూస్తూ అంది, మనిషి వైపు చూడకుండా. “వస్తావా?”

“డప్పు ముట్టుకోనన్నాను. నేను మాట తప్పను.”

“నువ్వు ముట్టుకోకు.”

తౌహీదా చెప్పులు వదిలి లోపలికెళ్ళింది. ఆవిడ ఎత్తుకి ముక్కాలిపీట అక్కర్లేదు. చెయ్యి చాచి డప్పు దింపి, తన ముసుగు కొంగుతో దుమ్ము తుడిచింది. వేలితో తట్టి చూస్తే చలికి వదులైపోయిన తోలు తడిగుడ్డలా చప్పగా పలికింది. కుంపటి దగ్గరికి తెచ్చి, కింద కూర్చుని, అంచులు పట్టుకుని నిప్పులమీద అటూ ఇటూ తిప్పుతూ కాచడం మొదలుపెట్టింది. దంచిన మిరపకాయల ఎరుపు ఇంకా ఆవిడ గోళ్ళలోనే ఉంది. రౌదా విసనకర్రతో కుంపటికి విసిరింది.

తర్వాత తౌహీదా డప్పు తీసుకొచ్చి హల్లూమా ఒళ్ళో పెట్టింది.

“చూడు. పలుకు ఉందా, పోయిందా?”

హల్లూమా చిక్కుళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది. చేతులు దులుపుకుని, చెవి వంచి, మధ్యవేలితో ఒక్క దెబ్బ వేసి విన్నది. తలెత్తి రౌదా వైపు చూసింది.

“ఉంది,” అంది.